కొటేషన్‌లో కనిపించని ఖరీదు



బ్యాంకు రుణంతో ఫ్రిజ్జు గాని, డీప్ ఫ్రీజరు గాని, మోటారు పంపుసెట్టు గాని కొనదలచినప్పుడు మీరు ముందుగా డీలరు వద్దకు వెళ్లి కొటేషన్ తీసుకొంటారు. అందులో కంపెనీ పేరు, మోడల్, సైజు, ధర, పన్ను, మొత్తం ఉంటాయి. ఆ మొత్తంలో మీ మార్జిన్ ఎంత, బ్యాంకు ఇవ్వవలసినది ఎంత, నెలకు వాయిదా ఎంత అన్న లెక్క శాఖలో జరుగుతుంది. లెక్క కుదిరితే రుణం మంజూరవుతుంది.

అయితే ఇది సగం లెక్క మాత్రమేనని నా అభిప్రాయం. వస్తువు ఇంటికి చేరిన నాటి నుంచి పాడై మూలపడే నాటి వరకు కరెంటు బిల్లు రూపంలో దానికి మరొక ఖరీదు చెల్లిస్తూనే ఉంటాము. పదేళ్లపాటు రేయింబవళ్లు నడిచే వస్తువు విషయంలో ఈ రెండవ ఖరీదు మొదటి దానిని మించిపోవడం వింత కాదు. ఇంత పెద్ద ఖర్చుకు సాధారణంగా కొటేషన్‌లో ఒక పంక్తి గాని, రుణ దరఖాస్తులో ఒక గడి గాని ఉండదు.

ఆ అంకె ఎక్కడో దాగి ఉన్నదా అంటే అదీ లేదు. వస్తువు ముఖాన అంటించిన స్టార్ లేబుల్ మీదనే అచ్చు వేసి ఉన్నది. మనము చూసేది నక్షత్రాలను, చూడనిది వాటి దిగువనున్న అంకెను.

ఈ లేబుల్ కంపెనీవారు తమ సరుకును పొగడుకొనేందుకు అంటించిన ప్రకటన కాదు. 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టాన్ని చేసింది. దాని కింద 2002 మార్చిలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. దానినే క్లుప్తంగా బీఈఈ అంటారు. 2006 మే నెలలో ఈ సంస్థ స్టార్ లేబుల్ పథకాన్ని ప్రారంభించింది. మొదట్లో లేబుల్ వేయించుకోవడం కంపెనీల ఇష్టానికే వదిలినా, 2010 జనవరి నుంచి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లు, గది ఏసీలు, ట్యూబ్‌లైట్లు, డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్లకు తప్పనిసరి చేశారు. తరువాతి సంవత్సరాలలో ఒంటి తలుపు ఫ్రిజ్‌లు, కలర్ టీవీలు, గీజర్లు, ఎల్ఈడీ బల్బులు ఆ జాబితాలో చేరాయి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. అంటే పల్లెటూరి ఇంట్లో ఎక్కువసేపు తిరిగే ఉపకరణానికి ఈ నిబంధన వర్తించడానికి పథకం పుట్టిన తరువాత పదహారేళ్లకు పైగా పట్టింది.

ఇక లేబుల్‌ను చదవడం ఎలాగో చూద్దాం. చీటీ మీది మాటలు ఇంగ్లీషులో ఉన్నా, అంకెలు అందరివీ కనుక భయపడనవసరం లేదు. ఫ్రిజ్జు లేబుల్ పైభాగంలో ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఉంటాయి. దిగువన సంవత్సరానికి ఎన్ని యూనిట్ల కరెంటు తీసుకొంటుందో ఒక అంకె ఉంటుంది. మోడల్ నంబరు, లీటర్లు, ఆ లేబుల్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందన్న వివరం కూడా ఉంటాయి. వీటిలో నక్షత్రాల కన్నా యూనిట్ల అంకె ముఖ్యమని నేను గట్టిగా చెప్పగలను. నక్షత్రాలు ఒకే రకానికి చెందిన, దాదాపు ఒకే పరిమాణంగల వస్తువులను పోల్చేందుకు మాత్రమే పనికివస్తాయి. ఐదు నక్షత్రాల పెద్ద రెండు తలుపుల ఫ్రిజ్జు, మూడు నక్షత్రాల చిన్న ఒంటి తలుపు ఫ్రిజ్జు కన్నా ఎక్కువ కరెంటు తీసుకోవచ్చు. "ఫైవ్ స్టార్ అండీ, బిల్లే రాదు" అన్న మాట విని నలుగురున్న ఇంటికి పదిమందికి సరిపడే ఫ్రిజ్జు కొన్నవారికి పొదుపు ఎక్కడి నుంచి వస్తుంది?

లేబుల్ మీది తేదీలను కూడా తప్పక చూడండి. నక్షత్రాల కొలబద్ద ఎప్పటికీ ఒకే చోట ఉండదు. కొన్నేళ్లకొకసారి దానిని కఠినం చేస్తారు. ఏసీల సంగతే తీసుకొంటే, వాటి సామర్థ్యాన్ని కొలిచే సూచిక 2018 నాటి పట్టికలో 4.5 ఉంటే ఐదు నక్షత్రాలు లభించేవి. 2022 జూలై నుంచి అమలైన పట్టికలో ఐదు నక్షత్రాలకు 5.0 కావలసి వచ్చింది. నిన్నటి ఐదు నక్షత్రాల యంత్రం తానేమీ మారకుండానే నాలుగు నక్షత్రాలకు దిగిందన్నమాట. ఐరోపాలోనూ ఇదే జరిగింది. అక్కడ ఎ తరువాత ఎ ప్లస్, దానిపైన మరో రెండు ప్లస్సులు చేరి కొనేవారికి ఏదీ బోధపడని స్థితి రాగా, 2021 మార్చిలో ఫ్రిజ్‌ల వంటి కొన్ని ఉపకరణాలకు ప్లస్సులన్నీ తీసివేసి మళ్లీ ఎ నుంచి జి వరకు అక్షరాలతో మొదలుపెట్టారు. కనుక గోదాములో మిగిలిపోయిన పాత సరుకును పండుగ తగ్గింపు ధరకు ఇస్తామన్నప్పుడు నక్షత్రాలను లెక్కపెట్టి సంతోషించకండి. అవి ఏ కాలపు నక్షత్రాలో అడగండి. తగ్గింపు నిజంగా లాభసాటి కావచ్చు, కాకపోనూవచ్చు. యూనిట్ల అంకె చూస్తే తేలిపోతుంది.

పాఠకులలో కిరాణా, కూల్‌డ్రింకు, ఐస్‌క్రీము దుకాణాలు నడుపుకొనేవారు చాలామంది ఉంటారు. ముద్ర రుణంతో డీప్ ఫ్రీజరు కొనడం ఈనాడు ఊరూరా చూస్తున్నదే. అందువల్ల ఈ ఉదాహరణను కొంచెం వివరంగా చెబుతాను. ఒక ఫ్రీజరు రోజుకు 4 యూనిట్లు, అదే పరిమాణంగల మరొకటి రోజుకు 2.5 యూనిట్లు తీసుకొంటాయని అనుకొందాం. రెండవ దాని ధర 6,000 రూపాయలు ఎక్కువ అనుకొందాం. రోజుకు ఒకటిన్నర యూనిట్ల తేడా ఏడాదికి సుమారు 547 యూనిట్లు అవుతుంది. దుకాణానికి వ్యాపార కేటగిరీ మీటరు ఉంటుంది కనుక యూనిట్‌కు 9 రూపాయలు వేసుకొంటే ఏడాదికి 4,900 రూపాయల పైచిలుకు, అంటే నెలకు 410 రూపాయలు. ఇప్పుడు ఆ అదనపు 6,000 రూపాయలను కూడా రుణంగానే తీసుకొన్నారనుకొందాం. 11 శాతం వడ్డీతో మూడేళ్లలో తీర్చాలంటే నెలవాయిదాలో పెరిగేది 196 రూపాయలు. వాయిదాలో 196 పెరిగి, బిల్లులో 410 తగ్గితే మీ చేతిలో మిగిలేది నెలకు 200 రూపాయలకు పైనే. మూడేళ్ల తరువాత వాయిదా ఉండదు, మిగులు మాత్రం కొనసాగుతుంది.

ఈ అంకెలు లెక్క చూపడానికి నేను వేసినవే. మీ యంత్రాల అంకెలు వేరుగా ఉంటాయి. లెక్క చేసే పద్ధతి మాత్రం ఇదే. రెండు లేబుళ్ల మధ్య యూనిట్ల తేడాను మీ బిల్లులోని యూనిట్ ధరతో హెచ్చవేయండి. ధరలోని తేడాను దానితో భాగించండి. ఎన్నేళ్లలో పైకం తిరిగి వస్తుందో తెలుస్తుంది. మూడు, నాలుగేళ్లలో వచ్చేస్తే నేనైతే ఖరీదైనదే కొనమంటాను. ఎనిమిదేళ్లు పట్టేట్లయితే చవకదే కొనమంటాను. ఎక్కువ నక్షత్రాలదే కొనితీరాలన్న వాదన నాది కాదు. రోజుకు గంటసేపు వాడే వస్తువుకు వేలకు వేలు అదనంగా పెట్టడం కూడా వృథాయే.

ఇళ్ల విషయంలో మరొక సంగతి ఉన్నది. ఇంటి మీటరుకు శ్లాబు పద్ధతి కదా. ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 టారిఫ్ ప్రకారం నెలకు 76 నుంచి 125 వరకు గల యూనిట్లకు 4.50 రూపాయలు, 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు. పొదుపు చేసిన యూనిట్ ఎప్పుడూ పై శ్లాబులో నుంచే తగ్గుతుంది. మూడు పాతరకం ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్ల చొప్పున రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 94 యూనిట్లు దాటుతాయి. అవే 30 వాట్ల ఫ్యాన్లయితే 38 యూనిట్లు చాలు. వేసవిలో 260 యూనిట్లు వాడే ఇంటికి ఈ 57 యూనిట్ల తగ్గుదల వల్ల, పై శ్లాబుల ధరలో, ఆ నెలకు 438 రూపాయలు మిగులుతాయి. తెలంగాణలో 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకంలో అర్హతగల ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. 200 దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లు కట్టవలసిందే. 190కి, 210కి మధ్య ఊగిసలాడే ఇంట్లో ఒక్క పాత ఫ్రిజ్జు చేసే నష్టాన్ని ఊహించుకోండి. బిల్లు సున్నా వస్తున్నది కదా, మాకీ లేబుళ్లతో పనేమిటని అనేవారికి ఈ సంగతి చెప్పవలసి ఉన్నది.

ఫ్యాన్ల గురించి చెప్పాను కనుక, గ్రామాలలో నాకు ఎదురయ్యే ఆక్షేపణను కూడా ప్రస్తావించాలి. రుణ పరిశీలనకు వెళ్లిన ఒక ఇంట్లో ఒక పెద్దావిడ, "బాబూ, మామూలు ఫ్యాను పాడైతే మా ఊరి కుర్రాడే కండెన్సరు మార్చి ఇస్తాడు. ఈ రిమోటు ఫ్యాను ఆగిపోతే ఎవరి దగ్గరకు పట్టుకెళ్లమంటావు?" అని అడిగింది. అది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. తక్కువ వాట్లతో తిరిగే ఫ్యాన్లలో ఎక్కువ భాగం బీఎల్‌డీసీ రకానివి. వాటిలో చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. పిడుగుపాటుకో, హెచ్చుతగ్గుల కరెంటుకో ఆ బోర్డు పోతే ఊళ్లో బాగుచేసేవారు ఉండరు. చాలా మోడళ్లు గోడకున్న పాత రెగ్యులేటరుతో పనిచేయవు కూడా. బిల్లులో ఏడాదికి మిగిలిన డబ్బంతా ఒక్క బోర్డుకు పోతే లేబుల్‌ను నమ్మినవారు నవ్వులపాలవుతారు. అందుచేత ఇటువంటి ఫ్యాను కొనేటప్పుడు గ్యారంటీ ఎన్నేళ్లు, బోర్డుకు కూడా వర్తిస్తుందా, సర్వీసు మండల కేంద్రంలో దొరుకుతుందా లేక జిల్లా కేంద్రానికి పోవాలా అన్న మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను బిల్లు మీద రాయించుకోండి. లేబుల్ కరెంటు సంగతి చెబుతుంది గాని మన్నిక సంగతి చెప్పదు. చాలామంది ఐఎస్ఐ ముద్రను, స్టార్ లేబుల్‌ను ఒకటిగానే భావిస్తారు. ఐఎస్ఐ ముద్ర భారతీయ ప్రమాణాల సంస్థది. సరుకు నిర్ణీత ప్రమాణాల మేరకు తయారైందని అది తెలుపుతుంది. రెండూ చూసుకోవలసినవే.

గీజరు నక్షత్రాలలో ఒక తిరకాసు ఉన్నది. అవి నీటిని కాచే ఖర్చును బట్టి ఇచ్చినవి కావు. కాగిన నీరు తొట్టిలో నిలువ ఉండగా వృథా అయ్యే వేడిని బట్టి ఇచ్చినవి. కావలసినప్పుడే వేసి ఆపేవారికి ఆ నక్షత్రాల వల్ల కలిగే లాభం స్వల్పం.

ఇక రైతు సోదరులకు సంబంధించిన పంపుసెట్ల విషయానికి వస్తాను. వ్యవసాయ పంపుసెట్లకు కూడా బీఈఈ స్టార్ లేబుల్ ఉన్నది గాని, ఫ్రిజ్‌ల వలె తప్పనిసరి చేయకుండా కంపెనీల ఇష్టానికి వదిలిన జాబితాలో దానిని చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆ తరువాత రూపొందిన నిబంధనలలో కెపాసిటరు, రాపిడి తక్కువగల ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, ఐఎస్ఐ మోటారు బిగించుకోవాలన్న షరతులు ఉండేవి. కాగితం మీది షరతులు పొలంలోకి ఎంతవరకు దిగాయో మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. బిల్లు లేనప్పుడు యూనిట్ల లెక్క ఎవరికి కావాలి?

అయినప్పటికీ రైతు ఈ లేబుల్‌ను చూడాలని నేను ఎందుకంటున్నానో వినండి. బీఎస్సీలో చదివిన భౌతికశాస్త్రం నాకు ఉద్యోగంలో ఉపయోగపడిన బహుకొద్ది సందర్భాలలో ఇదొకటి. నష్టమన్నదే లేకుంటే ఒక యూనిట్ కరెంటు 30 మీటర్ల లోతు నుంచి సుమారు 12,200 లీటర్ల నీటిని పైకి తేవాలి. పంపుసెట్టు సామర్థ్యం 30 శాతమైతే దాదాపు 3,700 లీటర్లే వస్తాయి. 50 శాతమైతే 6,100 లీటర్లు వస్తాయి. రైతుకు కరెంటు ఉచితమే కావచ్చు, కరెంటు ఉండే గంటలు మాత్రం ఉచితం కావు. సరఫరా గంటలు పరిమితమైన చోట, అదే సమయంలో ఎక్కువ మడులు తడపాలంటే మనవాళ్లు సాధారణంగా చేసేది 5 హెచ్‌పీ తీసి 7.5 హెచ్‌పీ వేయడం. ఒకరిని చూసి మరొకరు అలా చేస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పెరుగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, మోటార్లు కాలిపోతాయి. కాలిన మోటారుకు వైండింగు చుట్టించడానికి పైకం, చుట్టించే లోపల ఎండిన పైరు రైతువే కదా. సరిగా చుట్టని మోటారు ముందటి కన్నా ఎక్కువ కరెంటు తిని తక్కువ నీరు పోస్తుంది. హెచ్‌పీ పెంచకుండా సామర్థ్యం పెంచుకొంటే అదే ట్రాన్స్‌ఫార్మరు కింద ఎక్కువ నీరు వస్తుంది. బావిలో నీరున్నంత వరకేననుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. పంపు మీది నక్షత్రాలు ఆ పంపును తయారుచేసిన హెడ్‌కు, అంటే అది నీటిని ఎత్తవలసిన ఎత్తుకు సరిపడా వాడినప్పుడే నిజమవుతాయి. 60 మీటర్ల హెడ్‌కు చేసిన పంపును 25 మీటర్ల బావిలో దింపితే ఐదు నక్షత్రాలూ నీళ్లపాలే. కొటేషన్ తెచ్చేముందు బోరు లోతు, వేసవిలో నీటిమట్టం, పైపు పొడవు, కావలసిన నీటి పరిమాణం ఒక కాగితం మీద రాసుకొని డీలరుకు ఇవ్వండి. "పక్కచేను వారు తీసుకొన్నదే ఇవ్వండి" అనకండి. వారి బోరు వేరు, మీ బోరు వేరు.

కార్యాలయ సామగ్రి గురించి క్లుప్తంగా చెబుతాను. మీసేవ కేంద్రాలు, బ్యాంకు కస్టమర్ సర్వీసు పాయింట్లు, జెరాక్సు షాపుల వారు కంప్యూటర్లకు రుణాలు తీసుకొంటున్నారు. మన దేశంలో ల్యాప్‌టాప్‌లకు స్టార్ లేబుల్ స్వచ్ఛంద పద్ధతిలో మొదలైంది. అమెరికాలో 1992లో కంప్యూటర్లు, మానిటర్లతోనే ప్రారంభమైన ఎనర్జీ స్టార్ గుర్తు కూడా కొన్ని వస్తువుల మీద కనిపిస్తుంది. పల్లెలో దీని వల్ల కలిగే ప్రయోజనం బిల్లులో కన్నా ఇన్వర్టరు బ్యాటరీలో తెలుస్తుంది. తక్కువ వాట్లు తీసుకొనే యంత్రమైతే కరెంటు పోయిన వేళ అదే బ్యాటరీతో ఎక్కువసేపు పని జరుగుతుంది, కౌంటరు ముందు నిలబడిన జనం తిరిగిపోరు.

డీలరు మిత్రులకు కూడా విన్నవించవలసినది ఉన్నది. లేబుల్ తప్పనిసరి అయిన వస్తువును లేబుల్ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. ఆ సంగతి మీకు తెలుసు. కాని లేబుల్ మీద ఆఫర్ స్టిక్కరు అంటించడం, డెలివరీకి ముందే దానిని పీకివేయడం కొన్ని దుకాణాలలో చూస్తున్నాము. కొనేవాడు అడగనిది మేమెందుకు చెప్పాలని మీరనవచ్చు. చవక సరుకు అమ్మితే ఒక్కసారే లాభం. బిల్లు తగ్గిందని నలుగురితో చెప్పే ఖాతాదారు మరో నలుగురిని మీ దుకాణానికి పంపుతాడు. బీఈఈ వారి మొబైల్ యాప్‌లో మోడల్‌ను సరిచూసుకొనే సౌకర్యం ఉన్నది. కౌంటరు వద్దనే మీరే తెరిచి చూపితే బేరం తెగడానికి పట్టే సమయం తగ్గుతుందే గాని పెరగదు.

బ్యాంకుల విషయంలో నా సూచన చిన్నది. లేబుల్‌గల వస్తువుకు రుణం అడిగినప్పుడు కొటేషన్ మీద మోడల్ నంబరు, లేబుల్ చెల్లే కాలం, నక్షత్రాలు, సంవత్సరానికి యూనిట్లు అన్న నాలుగు వివరాలు రాయించాలి. పంపుసెట్టయితే హెడ్ కూడా రాయించాలి. రుణ పరిశీలన పత్రంలో దుకాణం నెలసరి ఖర్చులు రాసే చోట కరెంటు బిల్లును అంచనాగా కాక ఈ యూనిట్ల ఆధారంగా వేయాలి. బిల్లు ఆదా వల్ల వాయిదా చెల్లించే శక్తి పెరుగుతున్నట్లు లెక్కలో తేలితే, అదనపు ధరకు తగినట్లు రుణ మొత్తాన్ని పెంచడానికి శాఖ సంకోచించరాదు. ఇందుకు కొత్త పథకం గాని, సబ్సిడీ గాని అవసరం లేదు. ఇందుకు ప్రత్యేకంగా గడి ముద్రించేంత వరకు ఆగనవసరమూ లేదు. కొటేషన్ కింద ఖాళీ స్థలం ఎప్పుడూ ఉంటుంది. ఈసారి డీలరు దానిపై ముద్ర వేసి సంతకం చేయబోయేటప్పుడు ఆపి, ఆ వివరాలు రాసివ్వమని మీరే అడగండి.